వెనకడుగు

గోలీని నేను.
ఎల్లాజీ మొహం కన్నా వీపే నాకు బాగా తెలుసు.
చెమట ముందుగా ఏ భుజం కింద మొలుస్తుందో,
నాలుగో నంబరు గుడ్డ ఏ మూల ఊడుతుందో,
దెబ్బ తగలబోయే ముందు మెడ ఎలా పొట్టిదవుతుందో
కళ్ళు మూసుకుని చెప్పగలను.
ఎదుటివాళ్ళు భయపడ్డ ఆ కళ్ళు మాత్రం
నేను చూళ్ళేదు.

వుడా పార్కు రింకులో మొదటిరోజు
వాడి కాళ్ళకి అరువు చక్రాలు,
వేళ్ళ దగ్గర కుక్కిన పాత పేపరు,
ఒంటినిండా ఫిషింగ్ హార్బరు వాసన.
నేవీ క్వార్టర్సు పిల్లలు ముక్కులు మూసుకున్నారు.
సన్యాసిరావు మాస్టారు మాత్రం కాళ్ళకేసి చూశారు.
"ఏట్రా గుంటడా, పడకుండా ఎలాగున్నావు?"
"మా అయ్యది ఐసు ఫేక్టరీలో పని సార్.
తడి నేల మీదే నడక నేర్సినాను."

ముందుకి దూసుకెళ్ళేవాళ్ళు మాకు డజను మంది.
వెనక్కి జారేవాడు ఒక్కడే.
వచ్చేవాడి మీంచి చూపు తియ్యకుండా
వెనకేముందో చూడకుండా
వెనక్కి, ఇంకా వెనక్కి.
వెనకడుగు వేశాడంటే మా వీధిలో పిరికోడని అర్థం.
వాడు వెనక్కొచ్చిన కొద్దీ
ఎదుటివాడి దారి సన్నబడేది,
చివరికి కంచె మూలన
పక్కూ కర్రలూ రెండు ఊపిర్లూ ఇరుక్కునేవి.

ఉప్పుగాలికి బేరింగులు తుప్పెక్కేవి.
ఆదివారాలు గట్టు మీద కూచుని
కిరసనాయిల్లో కడిగేవాళ్ళం.
చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకునేవాడు,
"ఇది ఇంకా ఏడుస్తాంది" అని మళ్ళీ ముంచేవాడు.
హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు రింకు నిండా చెట్లే.
రంపం తెచ్చినవాడూ వాడే.

ఇరవయ్యో ఏట లేహ్ వెళ్ళాం,
అసలు మంచు మీద ఆడ్డానికి, చందాల డబ్బుతో.
గడ్డకట్టిన చెరువు మీద మోకాళ్ళూని
అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయాడు.
"ఒరే, దీని కింద సేపలు బతికే ఉంటాయంటరా!"
అప్పటిదాకా మావాడికి ఐసంటే
చచ్చిన చేపల మీద కప్పేది.

మొదటి ఏడు పడ్డాడు. రెండో ఏడూ పడ్డాడు.
మూడో ఏడు ఫైనల్లో ఆఖరి నిమిషం,
ఇద్దరు కలిసి ఒక్కడి మీదకొచ్చారు.
పక్ లేచింది. నాకు కనబడలేదు,
పచ్చి కొమ్మ విరిగిన చప్పుడు వినబడింది, అంతే.
కింది పళ్ళు రెండు మంచు మీద,
పక్కన కొంచెం ఎరుపు.
నవ్వుతున్నాడని తర్వాత వాళ్ళెవరో చెప్పారు.
మర్నాడు పేపర్లో కప్పు ఎత్తినవాళ్ళ ఫొటో,
అంచున ఎవరిదో మోచెయ్యి.
ఎవరిదో ఏంటి. వాడిదే.

పధ్నాలుగేళ్ళలో వాడు కొట్టిన గోల్సు మూడు.
అందులో ఒకటి నా వలలోనే.
ఆపినవి ఏ పుస్తకంలోనూ ఎక్కవు,
జరగనిదాన్ని ఎవరు లెక్కేస్తారు?
నేను కొన్నాళ్ళు వేశాను, కేలెండరు వెనక గీతలు గీసి.
ఇల్లు మారినప్పుడు అది పోయింది.

కుడి మోకాలు వాడి కన్నా ముందే రిటైరయింది.
కేజీహెచ్ డాక్టరు ఫిల్మ్ వెలుతురుకి ఎత్తి
"ఏం పని చేసేవాడివి?" అనడిగాడు.
"అడ్డు నిలబడేవాణ్ణి సార్."

మొన్న తెల్లవారుజామున వెళ్ళాను,
హార్బరు ఐసు ఫేక్టరీకి. అయ్య పని ఇప్పుడు వాడిది.
చేతిలో కర్ర బదులు కొక్కెం.
బోట్లు వచ్చే వేళ, అరుపులు, తడి బల్ల మీద
ఒకదాని వెనక ఒకటి జారుతున్న గడ్డలు.
టీ గ్లాసు పట్టుకుని నేనేదో చెబుతున్నాను,
పిల్లాడి ఫీజు గురించి కాబోలు.

ఒక గడ్డ పక్కకి తప్పింది.
నూట ముప్పై కిలోలు, నా కాళ్ళ కేసి.
నేను కదలక ముందే
నాకూ దానికీ మధ్య
చిరిగిన బనీను, పొట్టిదైన మెడ,
ఎడం భుజం కింద చెమట.